హాలహర్విలో హాట్ వాటర్

ఈ వారం నాకు ఒళ్ళు మండించింది ఒక జిరాక్సు కాగితం. ఆలూరు నుంచి బళ్ళారి పోయే బస్సులో పక్క సీటు పాప దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వల్లె వేస్తోంది. ఎనిమిదో తరగతట. కాగితం పైన పెద్దక్షరాలతో ‘ఇడియమ్స్: ట్రబుల్’ అని ఉంది. కింద వరసగా ఇన్ హాట్ వాటర్, ఇన్ ఎ పికిల్, ఇన్ ఎ జామ్, ఇన్ ద సూప్, ఇన్ ద డాగ్‌హౌస్, అప్ ద క్రీక్ వితౌట్ ఎ ప్యాడిల్. ఒక్కొక్కదానికి ఎదురుగా తెలుగులో అర్థం రాశారు. అన్నిటికీ అర్థం ఒకటే: ఆపదలో చిక్కుకొనుట. మొదటిదానికి రాసి, మిగతా వాటి కింద రెండేసి గీతలు పెట్టేశారు.

“ఇవన్నీ నేర్చుకుని ఎవరితో మాట్లాడతావమ్మా?” అన్నాను.

“మాట్లాడేకి కాదు తాతా, సోమవారం టెస్టుంది” అంది. హాలహర్వి రాగానే కాగితం మడిచి సంచిలో పెట్టుకుని దిగిపోయింది.

నేనేదో ఇంగ్లీషు మీద కత్తి దూస్తున్నాననుకుని తెలుగు భాషాభిమానులు అప్పుడే చప్పట్లు కొట్టొద్దు. ఆ పంచాయితీ ఎప్పుడో తెగిపోయింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వెంటనే తల్లిదండ్రుల అభిప్రాయం అడిగితే నూటికి తొంభై ఆరు మంది ఇంగ్లీషే కావాలన్నారని సర్కారు లెక్క చూపింది. ఆ లెక్క ఎలా తీశారన్నది పక్కన పెట్టినా, 2025 మార్చి పదో తరగతి పరీక్షలు చూడండి. ఇంగ్లీషు మీడియంలో రాసినవాళ్ళు ఐదున్నర లక్షలకు పైనే, తెలుగులో రాసినవాళ్ళు యాభై వేల చిల్లర. మా కర్నూలు పడమటి తాలూకాల కూలివాళ్ళు కూడా అటే ఓటేశారు, వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఇంగ్లీషు వచ్చినవాడికి బెంగళూరులో మేస్త్రీ కింద ఇటుకలు మోసే బతుకు తప్పుతుందని వాళ్ళ ఆశ. తప్పని చెప్పేందుకు మనమెవరం?

పైగా మా వైపు వాళ్ళకు భాషలంటే భయం లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లావి. ఇవాళ్టికీ హాలహర్వి మనిషి తెలుగులో పలకరించి, కన్నడంలో బేరమాడి, బేరం చెడితే ఉర్దూలో తిట్టగలడు. ఇన్ని మోసేవాడికి ఇంకో భాష బరువేం కాదు. నా కోపమంతా ఏ ఇంగ్లీషు నేర్పుతున్నారన్న దాని మీదే.

ఆ జాబితా సంగతే చూడండి. ఇన్ ఎ పికిల్ అనే మాట షేక్‌స్పియర్ ‘ద టెంపెస్ట్’ నాటకంలో ఉంది. తప్పతాగి తూలుతున్న ట్రింకులోను, ఈ ఊరగాయలో ఎలా పడ్డావురా అని రాజు అడుగుతాడు. 1611 ప్రాంతపు ముచ్చట. ఇన్ ద సూప్ వింటే నాకు ఉడ్‌హౌస్ గుర్తొస్తాడు, ఆయన సృష్టించిన బెర్టీ వూస్టర్ పుస్తకానికోసారైనా ఆ సూపులో పడకుండా ఉండడు. డాగ్‌హౌస్ అయితే కుక్కకు ప్రత్యేకంగా ఇల్లు కట్టించే దేశం మాట. ఇవన్నీ వాళ్ళకు ముద్దే. వాళ్ళ వంటింట్లో, వాళ్ళ పెరట్లో పుట్టినవి, వాళ్ళ పిల్లలకు ఎవరూ జిరాక్సు తీసివ్వకుండానే వచ్చేస్తాయి. మన పాపకు మాత్రం ఆరు మాటలకు ఒకే అర్థం, ఆ అర్థం కూడా ఏ ఇంట్లోనూ ఎవరూ పలకని తెలుగులో. ఆపదలో చిక్కుకొనుట! ఆ పాప ఇంట్లో ఎవరైనా పొలానికి పోయి వచ్చి “నేను ఆపదలో చిక్కుకొంటిని” అన్నారా ఎప్పుడైనా? కొంప మునిగిందంటారు. తగులుకున్నాడంటారు. వాడి కథ ముగిసిందంటారు. ఆదోని బజారులో అయితే ఫస్ గయా అంటారు.

నేర్పాలనుకుంటే మాత్రం దారి లేదా? అప్ ద క్రీక్ అంటే తెడ్డు లేకుండా ఏటి మధ్యలో చిక్కుకున్న పడవ. తుంగభద్ర ఒడ్డు జనానికి దీన్ని వివరించడానికి నిఘంటువు ఎందుకు? మంత్రాలయం పోయినవాళ్ళందరూ పుట్టి చూసుంటారు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున ఒకప్పుడు తోలు, ఇప్పుడు పట్టా బిగించి, తారు పూసిన పడవ. దానికి ముందూ వెనకా లేదు. తెడ్డు జారిపోయిందా, ఎటూ పోకుండా తన చుట్టూ తాను తిరుగుతుంది. ఎక్కినవాడికి దడ మొదలవుతుంది. పుట్టి మునిగిందన్న మాట ఆ దడలోంచి వచ్చింది. ఈ ఒక్క ముక్క చెబితే తరగతిలో ఒక్కరికీ వల్లె వేసే పని ఉండదు. హాట్ వాటర్ కూడా అంతే. వాడి ఉద్యోగానికి ఎసరు పెట్టారని మనం రోజూ అంటూనే ఉంటాం. అయ్యవారు ఆ పక్కకే పోరు. పోతే అది ఇంగ్లీషు పీరియడు కాకుండా పోతుందని భయం.

సరే, ఇది చిన్న సంగతి. పెద్ద సంగతి వేరే ఉంది. ఆపదను చెప్పుకోవడానికి మా వైపు జనం పొద్దున లేచింది మొదలు ఇంగ్లీషే వాడుతున్నారు. ఆ మాటల జాబితా ఏ బడిలోనూ లేదు.

నమ్మకపోతే పత్తి సీజన్లో ఆదోని మార్కెట్ యార్డుకు పోయి ఓ పూట నిలబడండి. రైతు పత్తి దించుతాడు. కొనేవాడు కుప్పలోకి మోచేయి దాకా దూర్చి, లోపలి నుంచి పిడికెడు దూది లాగుతాడు. నొక్కి వదులుతాడు. గింజ తీసి పంటి కింద కొరుకుతాడు. ‘కటుక్’మంటే ఆరిందని, మెత్తగా నలిగితే తడుందని. ఆ తర్వాత ఆకాశం వైపు చూసి ఒకే మాటంటాడు: “మాయిశ్చర్ వచ్చిందప్పా.” అంతే, రైతు మొహంలో నెత్తుటిచుక్క ఉండదు. అక్కడి నుంచి ధర దిగడమే. 2025–26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ ఎనిమిది శాతం లోపుంటేనే ఆ ధర పూర్తిగా. ఆ పైన శాతానికింత కోత, పన్నెండు దాటితే కేంద్ర పత్తి సంస్థ సీసీఐ కొననే కొనదు. సీసీఐ దగ్గరికి పోవాలన్నా ముందు ఫోన్లో కపాస్ కిసాన్ యాప్‌లో పేరెక్కాలి, ఆ తర్వాత స్లాట్ పట్టాలి. “స్లాట్ పోయింది” అన్నవాడి గొంతు విన్నారా? ఇంట్లో ఎవరో పోయినట్టే పలుకుతాడు.

మీటరు సూదులు గుచ్చితే వచ్చే అంకె చదవడం, అది ఎనిమిదా పన్నెండా అని తనే చూసుకోవడం, చీటీ మీద ఏం రాశారో నిలబెట్టి అడగడం, ఇంతకు మించిన ఇంగ్లీషు పాఠం ఆ పాపకు ఇంకోటి ఉందా? వాళ్ళ నాయన తరఫున ఆ మాట అడగగలిగితే ఇన్ ద సూప్ రాకపోయినా నష్టం లేదు.

ఇంకోటి, 22ఏ. “మా చేను 22ఏలో పడింది సార్” అని ఎంతమంది వచ్చారో మండలాఫీసు అరుగుకే తెలుసు. గుంతలో పడ్డాడు, బావిలో పడ్డాడు అన్నట్టే ‘22ఏలో పడింది’. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి తర్వాతెప్పుడో రాష్ట్రం అతికించిన సెక్షన్ అది. నిషేధిత జాబితాలోకి సర్వే నంబరు ఎక్కిందంటే ఆ భూమి అమ్మలేవు, బిడ్డ పెళ్ళికి రాసివ్వలేవు. సర్వే నంబరులో ఒక చెక్క ప్రభుత్వానిదైతే మొత్తం నంబరును ఎక్కించేసిన సందర్భాలున్నాయి. ఎక్కించడం నిమిషం పని. దించడానికి అర్జీలు, ఎంక్వయిరీలు, ఎండార్స్‌మెంట్లు. ఎండార్స్‌మెంట్ అని కాగితం చేతికిస్తే అది పని అయినట్టో కానట్టో తెలియక, దాన్ని మడిచి దేవుడి పటం వెనక పెట్టుకున్న మనిషిని నేనెరుగుదును. పని కాలేదని రాసిచ్చిన కాగితమది.

పోలీసు స్టేషన్ ఇంగ్లీషు సంగతి రాయలసీమ వాళ్ళకు నేను చెప్పాలా? ఎన్నికలొస్తే బైండోవర్. చదువు రాని ముసలాయన కూడా ఆ మాట తప్పు లేకుండా పలుకుతాడు, ఎందుకంటే తహసీల్దారు ముందు పూచీకత్తు రాసిచ్చి వచ్చినవాడు. కేసు బుక్కయింది, షీట్ తెరిచారు, స్టేషన్ బెయిల్. ఇక ఫోర్ ట్వంటీ అయితే 1860 నాటి శిక్షాస్మృతి నుంచి దిగి నేరుగా మన తిట్లలో స్థిరపడింది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహిత వచ్చి, మోసానికి సెక్షన్ 318 అయింది. అయినా ‘వాడొట్టి త్రీ ఎయిటీన్ గాడు’ అని ఒక్కరన్నా తిట్టగా నేను వినలేదు. చట్టం మారినా తిట్టు మారదు.

ఇవన్నీ ఒక ఎత్తు, డిజిటల్ అరెస్ట్ ఒక ఎత్తు. చట్టంలో అలాంటిదే లేదని ప్రధానమంత్రే 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది. ఫోన్లో యూనిఫాం వేసుకున్నవాడు కనబడి, గడగడా ఇంగ్లీషులో నాలుగు సెక్షన్లు చదివితే, రిటైరైన మేష్టర్లూ డాక్టర్లూ కూడా ఉన్నదంతా ఊడ్చి పంపించారు. వాళ్ళకు ఇంగ్లీషు రాకనా? వచ్చినందుకే పడ్డారని నా అనుమానం. అర్థం కానివాడు ఫోను పెట్టేసి పొలం పోయాడు, అర్థమైనవాడు వణికిపోయాడు. బళ్ళో చెప్పాల్సిన మాట ఇది కాదా? సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 అనే నంబరు ఆ జిరాక్సు కాగితం మూల ఎక్కడన్నా ఉందా? లేదు. పడవా తెడ్డూ ఉన్నాయి.

ఇప్పుడు నా పాత పుండు దగ్గరికి వస్తాను. ఈ శీర్షిక చదివేవాళ్ళు దీన్ని ఇంతకు ముందూ భరించారు, ఈసారీ భరించాలి. అన్ని ఇంగ్లీషు మాటల్లోనూ మా కర్నూలు పడమటి మండలాల్ని ఎక్కువ ముంచిన మాట మోడరేట్.

వినడానికి ఎంత మర్యాదగా ఉంది! మెత్తటి మాట. బడిపుస్తకంలో దానికి ‘మితమైన’ అని అర్థం. 2016లో కేంద్రం కరువు నిర్వహణకు కొత్త మాన్యువల్ వేసింది. వాన లోటు, వానకూ వానకూ మధ్య ఎడం, పైరు పచ్చదనం, నేలలో తేమ, ఇలా ఏవేవో సూచికలు కొలిచి చివరికి మండలానికి ఒక ఇంగ్లీషు మాట అంటిస్తారు, సివియర్ అనో మోడరేట్ అనో. సివియర్ అయితే కేంద్ర విపత్తు నిధి తలుపు తట్టొచ్చు. మోడరేట్ అయితే ఆ తలుపు తెరుచుకోదు, రాష్ట్రం తన జేబులోంచి ఇచ్చుకుంటే ఇచ్చుకోవాలి. రాష్ట్రం జేబు సంగతి మనకు తెలుసు. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో 103 మండలాల్ని కరువు మండలాలుగా ప్రకటించారు, అందులో 80 సివియర్, 23 మోడరేట్. ఆ రెండు జాబితాల్లోనూ పేరు లేని ఊళ్ళ చేలల్లో పత్తి పచ్చగా ఏం లేదు, అది వేరే ఏడుపు. మా విలేకరులు మోడరేట్‌ను ‘మధ్యస్థ కరువు’ అని తెనిగించి చేతులు దులుపుకున్నారు. కరువులో మధ్యస్థం ఏందప్పా? గింజ రాని చేను సగం గింజ రాకుండా ఉంటుందా? పశువుకు అర ఆకలి వేస్తుందా?

ఈ ఆట కొత్తది కాదు. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. చచ్చిపోయేవాళ్ళు చచ్చిపోతుంటే కుంఫిణీ కచేరీల కాగితాల్లో మాత్రం కొరత, ధాన్యం లోటు అని నడుస్తోంది. కొరత అంటే కచేరీకి ఖర్చు లేదు, కరువంటే ఖర్చుంది. అప్పుడు ఉత్తరాల్లో దాన్ని కరువనే రాసిన దొరల్లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకడు. మన నిఘంటువు బ్రౌనే. 1834లో ఆయన కొలువు పోయింది. తర్వాత తిరిగి వచ్చాడు, నిఘంటువులు వేశాడు, వేమనను మళ్ళీ అచ్చు వేయించాడు, విగ్రహాలకెక్కాడు. విగ్రహాలకు దండలు వేసే సభల్లో ఈ కరువు మాట ఎవరూ ఎత్తరు. ఆయన పద్యాలు పోగేశాడని మాత్రం గంటసేపు చెబుతారు. నాకు మాత్రం బ్రౌన్ చేసిన తెలుగు సేవలో పైమెట్టు అదే: దొరల ఇంగ్లీషులో మన ఆకలికి సరైన పేరు పెట్టడం. మాట తప్పితే మెతుకు తప్పుతుందని ఆయనకు తెలుసు.

రెండు వందల ఏళ్ళు కావస్తోంది. కచేరీ మారింది, భాష అలాగే ఉంది. స్కేర్సిటీ పోయి మోడరేట్ వచ్చింది. హాలహర్వి బడి బోర్డు మీద ‘టుడేస్ ఇడియం’ అని రాయాల్సి వస్తే నేనైతే మోడరేట్ డ్రాట్ అని రాస్తాను. అర్థం: డబ్బు రాదు.

ఇంగ్లీషు బోధనకని ప్రభుత్వాలు ఖర్చు పెట్టలేదా అంటే, పెట్టాయి. 2023 జూన్‌లో అమెరికా పరీక్షల సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని సర్కారు బడి పిల్లలకు టోఫెల్ అన్నారు. 2024లో ప్రభుత్వం మారింది, టోఫెల్ పోయింది. పెట్టినవాళ్ళు పిల్లల్ని అడగలేదు, తీసినవాళ్ళూ అడగలేదు. ఆ పరీక్ష పెట్టాలా వద్దా అని టీవీల్లో అరుచుకున్న రెండు పక్షాల్లో ఒక్కరూ, ఎవరైనా ఒక్కరు, మూడో తరగతి పిల్ల దీపావళి దాటాక బళ్ళో ఉంటుందా అని అడగలేదు. నా బాధంతా నిజానికి అక్కడే మొదలైంది, జిరాక్సు కాగితం సాకు మాత్రమే.

మా వైపు సుగ్గి అనే మాటుంది. కన్నడం నుంచి వచ్చింది, పంట ఇంటికొచ్చే కాలమని అర్థం. పండగ మాట. ఇప్పుడు సుగ్గికి పోయారంటే ఇల్లు తాళమేసి పరాయి పంట కోయడానికి పోయారని. కోసిగి, కౌతాళం, హొళగుంద, హాలహర్వి, ఏ ఊరైనా తీసుకోండి. తెలంగాణలో పత్తి తీతకని కొందరు, గుంటూరు, పల్నాడు మిరప చేలకని కొందరు, బెంగళూరు కట్టడాలకని కొందరు. లారీ వీధిలోకి వస్తుంది, బియ్యం మూట, సట్లు, పొయ్యికి మూడు రాళ్ళయితే అక్కడే దొరుకుతాయి, పిల్లలు పైన. ఊళ్ళో ముసలివాళ్ళూ కోళ్ళూ మిగులుతారు. అట్లా పోయిన పిల్ల పేరు ఎదురుగా బడి రిజిస్టర్లో ఏం రాస్తారో తెలుసా? లాంగ్ ఆబ్సెంట్. ఇంకొన్నాళ్ళకు డ్రాపౌట్. ఏదో చెట్టు మీంచి పండు రాలిపోయినట్టు. రాల్చినవాళ్ళ పేరు ఆ మాటలో ఎక్కడా లేదు. తుంగభద్ర దిగువ కాలువ ఆ పొలిమేరల్లోనే పారుతుంది, చివరి పొలాలకు నీళ్ళు అందవు. గూళ్యం దగ్గర వేదవతి ఎత్తిపోతల పథకం ఇంకా పూర్తి కాలేదు. దానికీ ఒక ఇంగ్లీషు మాటుంది, అండర్ ప్రోగ్రెస్.

పిల్లల్ని ఊళ్ళోనే ఉంచడానికి సీజనల్ హాస్టళ్ళని ఒకటుంది. మంచి ఏర్పాటు, నేను ఒప్పుకుంటాను. తల్లిదండ్రులు వలస పోయిన నెలల్లో పిల్లలకు బళ్ళోనే తిండి, పడక. అయితే వలస లారీ ఎవరి అనుమతీ అడగకుండా దసరా దీపావళి మధ్య కదిలిపోతుంది, హాస్టలు మాత్రం ఫైలు కదిలితే గానీ తెరుచుకోదు. లారీ ముందు పోయి హాస్టలు వెనక వస్తే, ఆ హాస్టల్లో పడుకునేది ఎవరు? ఆడపిల్లనైతే చెల్లెల్ని చూసుకోవడానికని వెంట తీసుకుపోనే పోతారు. ఈ ఏడాది ఏ మండలంలో ఏ తేదీన హాస్టలు మొదలైందో, ఆ రోజుకు ఎన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయో, విద్యాశాఖ రెండు వరసల్లో రాసి బయట పెట్టమనండి. తెలుగులోనే రాయమనండి. గొప్ప పరిశోధనేం అక్కర్లేదు, ఊరి తలారిని అడిగితే సాయంత్రానికల్లా తేలుతుంది.

పదో తరగతి పరీక్షలు మార్చిలో. మిరప కోతలు ఏప్రిల్‌కు గానీ తెరిపి ఇవ్వవు. ఈ రెండు నెలలూ అమరావతిలో ఒకే గోడ మీది క్యాలెండర్లో పక్కపక్కనే ఉంటాయి.